నమ్మకం మీద నడిచే ఆఫీసుకి నియమాలు: విశాఖలో చిన్న కంపెనీ నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

పదిమందో ముప్పైమందో పనిచేసే కంపెనీలో పాలసీ ఎలా పుడుతుందో చూడనివారు ఉండరు. ఒకరోజు ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు, అదీ క్లయింటు వచ్చి కూర్చున్న రోజున. ఓనరుగారికి ఒళ్ళు మండుతుంది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: "రేపట్నుంచి 9.40 దాటితే హాఫ్ డే కట్." ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషి మానేసి ఇంకోచోట చేరిపోయి ఉంటాడు. రూలు మాత్రం మిగిలినవాళ్ళ నెత్తిన ఉండిపోతుంది.

దీనికి విరుగుడని కొందరు ఇంటర్నెట్లోంచి పెద్ద కంపెనీ హ్యాండ్‌బుక్ దించి, పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి బీరువాలో పెడతారు. ఇంకొందరు "మనదంతా ఫ్యామిలీ లాంటిది, మనకి రూల్సేంటండీ" అంటారు. నన్నడిగితే ఈ రెండోదానితోనే ఎక్కువ ప్రమాదం. రాసిపెట్టిన మాట లేనిచోట ప్రతిదీ ఓనరు మూడ్ మీద నడుస్తుంది. సెలవు అడగడానికి లోపలికి వెళ్ళేముందు "సార్ ఇవాళ ఎలా ఉన్నారు?" అని అటెండరు దగ్గర వాకబు చేసే ఆఫీసులో నమ్మకం ఉందని ఎలా అంటాం?

ఈ మార్గదర్శి అంతా ఒక్క అభిప్రాయం మీద నిలబడింది. నమ్మకం మీద నడిచే పాలసీలో ముందు కట్టుబడాల్సింది కంపెనీ. జీతం పడే తేదీ, సర్టిఫికెట్లు, మానేసేటప్పుడు ఇచ్చే సెటిల్మెంటు అన్నీ యజమాని చేతిలో ఉన్నవే కాబట్టి మొదటి అడుగు వేయగలిగిందీ ఆయనే. ఉద్యోగి ఏం చేయాలో రెండో పేజీలో రాయొచ్చు.

మాట వరసకి ఒక కంపెనీ అనుకుందాం. మధురవాడలో ఆఫీసు, ఆటోనగర్‌లో చిన్న స్టోరు. రొయ్యల ఎగుమతి యూనిట్లలో కోల్డ్ స్టోరేజీ మెషీన్లకు సర్వీసు చేస్తారు. మొత్తం 14 మంది: ఆరుగురు టెక్నీషియన్లు, ఇద్దరు డ్రైవర్లు, ఒక స్టోర్ కీపరు, ఇద్దరు అకౌంట్స్, ముగ్గురు ఆఫీసు పని. ఒక టీమ్ భీమిలి వైపు ఉంటే ఇంకో టీమ్ అచ్యుతాపురంలో ఉంటుంది. ఎవరినీ కళ్ళెదుట కూర్చోబెట్టుకోవడం కుదరదు. మీది సాఫ్ట్‌వేరో, డిజైనింగో, ట్రావెల్సో అయినా మెట్లు ఇవే, అంకెలు మార్చుకోండి.

మొదటి మెట్టు: ఉన్న రూల్స్ అన్నీ బయటికి తీయండి

కొత్తవి రాసేముందు పాతవి ఏరాలి. వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెళ్ళి చూడండి, గోడమీద అంటించిన కాగితాలు చూడండి, ఎక్కడా రాయకుండా నోటిమాట మీద నడుస్తున్నవీ రాసుకోండి. ఒక్కో రూలు పక్కన రెండు సంగతులు రాయాలి. ఇది ఏ సంఘటన వల్ల వచ్చింది? రేపు ఎత్తేస్తే నిజంగా ఏం పోతుంది?

ఈ పని ఓనరు మీటింగు పెట్టి చేస్తే ఏమీ రాదు. "అంతా బాగానే ఉంది సార్" అంటారు. అందరూ మనసు విప్పి మాట్లాడే మనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు, చాలాసార్లు అకౌంట్స్ మేడమో సీనియర్ డ్రైవరో. ఆ మనిషితో ఒకే ప్రశ్న అడిగించండి: "ఏ పర్మిషన్ అడగాలంటే నీకు చిరాకు?" పేర్లు లేకుండా జవాబులు మాత్రం తెప్పించుకోండి.

అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ హ్యూలెట్-పాకార్డ్ (హెచ్‌పీ) కథ ఒకటి ఇక్కడ పనికొస్తుంది. డేవిడ్ పాకార్డ్ 1930ల్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసేటప్పుడు అక్కడ పనిముట్లకూ విడిభాగాలకూ గట్టి కాపలా ఉండేది. దానివల్ల దొంగతనాలు తగ్గకపోగా, కాపలావాళ్ళ కళ్ళుగప్పి పట్టుకెళ్ళడం ఒక పంతంలా మారింది. 1939లో బిల్ హ్యూలెట్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టాక స్టోర్లు తెరిచే ఉంచాలనుకున్నారు. ఒక సెలవురోజు హ్యూలెట్ వచ్చి చూస్తే స్టోరుకి తాళం వేసి ఉంది. కట్టర్‌తో దాన్ని తెంచి, మళ్ళీ వేయొద్దని చీటీ పెట్టి వెళ్ళాడు.

ఆటోనగర్ స్టోరుకి తాళం తీసేయమని నేను చెప్పను. రాగి పైపు, గ్యాస్ సిలిండరు ధరలు మీకూ తెలుసు. కానీ ఇన్సులేషన్ టేపు చుట్టకీ, రెండు ఫ్యూజులకీ కూడా స్టోర్ కీపరు వచ్చేదాకా టీమంతా వ్యాన్‌లో కూర్చోవాల్సి వస్తే, అక్కడ పోయిన గంట ఏ లెక్కలోకి వెళ్తోంది? చిన్న సామానుకి తాళంలేని అలమరా, ఖరీదైనవాటికి తాళం. ఏ రూలు ఉంచాలో ఏది తీయాలో ఇలాగే విడదీసుకుంటూ రండి.

రెండో మెట్టు: చట్టం గీసిన గీత

ఈ భాగం త్వరగా అయిపోవాలి, ఎందుకంటే ఇక్కడ బేరాల్లేవు. నమ్మకం పేరు చెప్పి చట్టం ఇచ్చినదాంట్లో ఒక్క రోజు కూడా తగ్గించలేం.

ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి మరుసటి ఏడాది 15 రోజులు జీతంతో సెలవు. ఇదికాక జబ్బుకో, ఇంకేదైనా తగిన కారణానికో 12 రోజుల వరకు. పదిమంది చేరగానే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వస్తుంది, నెలకు 21,000 లోపు జీతం ఉన్నవారికి వర్తిస్తుంది. పదిమంది నుంచే గ్రాట్యుటీ (పనిచేసిన ఏళ్ళని బట్టి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కూడా. ఇరవైమంది అయితే పీఎఫ్. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. ఈఎస్ఐ కింద ఉన్న మహిళకి ఆ కాలపు డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది కాబట్టి "చిన్న కంపెనీ, భరించలేం" అన్న మాట చాలాచోట్ల ఉత్త భయం.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 కింద పదిమందో ఆపైనో ఉంటే అంతర్గత కమిటీ వేయాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటినుంచి ఒకరు. పదిమందికి తక్కువైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఈ సంగతి మీ పాలసీలోనే రాసి ఉండాలి. మన 14 మంది కంపెనీలో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళే అయినా కమిటీ తప్పదు.

పాత కార్మిక చట్టాలు చాలావాటిని కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. చిన్న కంపెనీ వెంటనే చూసుకోవాల్సినవి: చేరిన ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం, నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా వేయడం, మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ముట్టజెప్పడం. ముసాయిదా తయారయ్యాక లేబర్ కన్సల్టెంటుకి ఒకసారి చూపించండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

మూడో మెట్టు: మొదటి పేజీలో "కంపెనీ మాట"

నిజమైన పని ఇక్కడ మొదలవుతుంది. మామూలు హ్యాండ్‌బుక్ మొదటి పేజీలో "ఉద్యోగులు క్రమశిక్షణతో మెలగవలెను" అని ఉంటుంది. మీ మొదటి పేజీలో కంపెనీ ఏం చేస్తానంటోందో ఉండాలి. మన కంపెనీకి నేనైతే ఇలా రాస్తాను:

"జీతం ప్రతి నెలా 5వ తేదీలోపు మీ ఖాతాలో పడుతుంది. అప్పటికి పడదనిపిస్తే 3వ తేదీనే మీకు చెబుతాం, 7వ తేదీలోపు ఏ రోజు పడుతుందో కూడా చెబుతాం. అలాంటి నెలలో యజమానులు తమ డబ్బు అందరి తర్వాతే తీసుకుంటారు. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాం. మానేసేటప్పుడు రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇస్తాం. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఆఖరి రోజునే చేతికిస్తాం, దాన్ని అడ్డుపెట్టుకుని ఏదీ అడగం. రాత్రి 8 దాటాక మీకు ఫోన్ వచ్చిందంటే అది బ్రేక్‌డౌన్ కోసమే."

ఒక్కో వాక్యం వెనక ఒక్కో పాత గాయం ఉంది. క్లయింటు దగ్గర డబ్బు ఆగిందన్న సంగతి ఓనరుకి నెలాఖరుకే తెలుస్తుంది. స్టాఫ్‌కి మాత్రం 8వ తేదీన ఏటీఎం ముందు నిలబడ్డాక తెలుస్తుంది. ఇంటి అద్దె, చీటీ, స్కూలు ఫీజు అన్నీ ఆ వారంలోనే కట్టాలి. ముందే చెబితే వాళ్ళు సర్దుకుంటారు. చెప్పకుండా ఉంటే, ఆ నెల జీతం పడ్డాక కూడా, వచ్చే నెల ఏమవుతుందోనన్న బెంగతో ఇంకో ఉద్యోగం వెతకడం మొదలుపెడతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం మన చిన్న కంపెనీల్లో ఇంకా ఉన్న అలవాటు. "లేకపోతే చెప్పకుండా వెళ్ళిపోతారండీ" అంటారు. వెళ్ళిపోవాలనుకున్నవాణ్ణి కాగితాలు ఆపినా మనసు పెట్టి పనిచేయించలేవు. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదని రాయించుకునే ఒప్పందాల గతీ అంతే. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం వదిలాక అలాంటి నిషేధం చెల్లదు. శిక్షణ మీద నిజంగా ఖర్చుపెట్టి, ఆ మేరకు న్యాయమైన బాండు రాసుకోవడం వేరే సంగతి, కోర్టులు దాన్ని ఒప్పుకున్న సందర్భాలున్నాయి. నలుగురిని భయపెట్టడానికి రాసుకున్న లక్షల బాండు మాత్రం మొదటి పేజీలోని మాటలన్నింటినీ వెక్కిరిస్తూ కూర్చుంటుంది.

మీరు నిలబెట్టుకోలేని మాట ఇక్కడ రాయకండి. 5వ తేదీ కష్టమనుకుంటే 7 అని రాయండి. 1వ తేదీ అని రాసి రెండుసార్లు తప్పారంటే తర్వాతి పేజీలు ఎవరూ తిప్పరు.

నాలుగో మెట్టు: సెలవు

నమ్మకం పరీక్షకి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఇప్పుడు జరుగుతున్నది ఇలా ఉంటుంది:

"సార్, గురువారం లీవు కావాలి సార్."

"ఏం, ఏమైంది?"

"ఊళ్ళో పనుంది సార్."

"ఏం పని?"

"అమ్మకి బాలేదు సార్."

అమ్మ శుభ్రంగా ఉంది. సచివాలయంలో పాప పేరు సరిచేయించాలి, అంతే. ఆ మాట చెబితే "ఇంకో రోజు చూసుకోకూడదా" అంటారని అతనికి తెలుసు. అబద్ధం ఆడాడని ఓనరుకీ అనుమానమే. ఇద్దరూ నొచ్చుకున్నారు, సెలవు మాత్రం ఎలాగూ ఇచ్చారు. కారణం అడగడం మానేస్తే ఈ తంతంతా ఉండదు.

కొత్త పాలసీలో ఒకటి రెండు రోజుల సెలవుకి "అడగడం" ఉండదు, "చెప్పడం" ఉంటుంది. రెండు రోజుల ముందు, టీమ్ లీడర్‌కి, ఒక్క మెసేజ్: "అన్నా, గురువారం రాను. పరవాడ పని బుధవారం అయిపోతుంది. కాల్ వస్తే రెండో టీమ్ వెళ్తానంది." కారణం రాయనక్కర్లేదు. తన పని ఎవరు చూస్తారో రాయడం మాత్రం తప్పనిసరి. ఓనరు అడగాల్సిందీ అదొక్కటే. మూడు రోజులో అంతకు మించో అయితే రెండు వారాల ముందు చెప్పాలి, క్యాలెండరులో ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. ఒంట్లో బాగాలేకపోతే పొద్దున 8 లోపు ఫోనో మెసేజో చాలు, మొదటి రెండు రోజులకి డాక్టరు చీటీ అక్కర్లేదు. జ్వరంతో పడుకున్నవాణ్ణి చీటీ కోసం క్లినిక్ మెట్ల మీద కూర్చోబెట్టి కంపెనీ బావుకునేదేమీ లేదు.

సెలవులకి లెక్కే వద్దు, ఎన్నైనా తీసుకోండి అనే పద్ధతి వినడానికి గొప్పగా ఉంటుంది. అమెరికాలో కిక్‌స్టార్టర్ కంపెనీ అలాగే నడిపి, 2015లో దాన్ని ఎత్తేసి ఏడాదికి 25 రోజులని అంకె పెట్టుకుంది. ఎంత వాడుకుంటే మర్యాదో తెలియనప్పుడు మొహమాటస్తులు అసలు వాడుకోరు, గడుసువాళ్ళు వాడేసుకుంటారు. మన దగ్గర మొహమాటం పాలు ఇంకాస్త ఎక్కువ. అందుకే అంకె ఉంచండి. దాంతోపాటు కనీసం కూడా పెట్టండి: ఏడాదిలో ఒకసారి వరసగా ఐదు పనిదినాలు సెలవు తీసుకోవాల్సిందే. అకౌంట్స్ చూసేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ ఐదు రోజులూ బ్యాంకు లెక్కలు ఇంకొకరు చూస్తారు. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవారికి తప్పనిసరి సెలవు పెట్టింది కూడా ఇందుకే. ఎవరినీ అనుమానించకుండానే లెక్క సరిచూసుకున్నట్టవుతుంది.

ఇక సంక్రాంతి. స్టాఫ్‌లో సగం మందిది శ్రీకాకుళమో విజయనగరమో అయినప్పుడు భోగి నుంచి ముక్కనుమ దాకా ఆఫీసు ఖాళీ. కోల్డ్ స్టోరేజీకి మాత్రం పండగ లేదు, మెషీన్ ఆగితే రొయ్య కరుగుతుంది. ఈ జాబితా ఓనరు వేస్తే నాలుగు రోజులు అలకలు. అందుకని నవంబరులోనే టీమ్‌కి వదిలేయండి: "పండగ నాలుగు రోజులూ రోజుకి ఇద్దరు ఇక్కడ ఉండాలి. ఎవరుంటారో మీరే తేల్చుకుని నెలాఖరులోగా బోర్డు మీద రాయండి." రెండు షరతులు చాలు. పోయినసారి ఉన్నవారికి ఈసారి మొదటి ఎంపిక. పండగరోజు పనిచేసినవారికి ఒక్కో రోజుకి రెండు రోజులు కాంప్-ఆఫ్ (బదులు సెలవు), ఉగాదిలోగా వాడుకోవాలి. వాళ్ళలో వాళ్ళు చేసుకునే బేరాలు మీరు చేయగలిగినవాటికన్నా న్యాయంగా ఉంటాయి, ఎందుకంటే ఎవరి ఇంట్లో కొత్తల్లుడు వస్తున్నాడో వాళ్ళకి తెలుసు.

సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా క్యాలెండరులో ముందే రాసుకోండి. ఆషాఢ పౌర్ణమి వేళ 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగొచ్చిన టెక్నీషియన్ని మర్నాడు నిచ్చెన ఎక్కించడం భద్రతకే మంచిది కాదు. చందనోత్సవం, విజయనగరం సిరిమానోత్సవం, రంజాన్, క్రిస్మస్ కూడా అంతే. ఎవరికి ఏది ముఖ్యమో వాళ్ళు ఎంచుకునేలా ఏడాదికి రెండు ఐచ్ఛిక సెలవులు ఇస్తే సరిపోతుంది.

ఐదో మెట్టు: వేళలు, తుఫాను రోజులు

"మూడుసార్లు లేటైతే అర రోజు జీతం కట్" అనే రూలు ఊరంతా ఉంది. పనికి రాని సమయానికి దామాషాగా ఎంతవుతుందో అంతకు మించి జీతంలో కోయకూడదన్నది వేతన చట్టంలో ఉన్న సూత్రం. పది నిమిషాలకి నాలుగు గంటల జీతం కోస్తే దానికి నిలబడదు. చట్టం సంగతి అలా ఉంచినా, 9.45కి వచ్చినవాడు ఎలాగూ సగం రోజు పోయిందని నింపాదిగా పనిచేస్తాడు. ఆ రూలుతో కంపెనీకి వచ్చిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎవరు ఏ సమయానికి ఎక్కడ ఉండి తీరాలో ఆ పని స్వభావాన్ని బట్టి రాయండి. సరుకు దిగే వేళకి స్టోర్ కీపరు ఉండాలి, బదులు లేదు. టెక్నీషియన్ క్లయింటుకి చెప్పిన టైముకి గేటు దగ్గర ఉండాలి, ఆఫీసుకి వచ్చి వేలిముద్ర వేసి మళ్ళీ గాజువాక వెళ్ళడం దండగ. అకౌంట్స్‌వారికి 11 నుంచి 4 దాకా అందరూ ఉండే వేళ, మిగిలింది వారిష్టం. రాత్రి బ్రేక్‌డౌన్‌కి వెళ్ళి తెల్లవారుజామున తిరిగొచ్చినవాడు మర్నాడు మధ్యాహ్నం దాకా రానక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఇంటినుంచి పని అనే వెసులుబాటు ఆఫీసువాళ్ళకే ఇచ్చి ఫీల్డువాళ్ళకి ఏమీ ఇవ్వకపోతే ఒక కంపెనీలో రెండు కులాలు తయారవుతాయి. ఫీల్డువాళ్ళకి ఇంటికి దగ్గరి సైటు ఎంచుకునే వీలో, నెలకో శనివారమో ఇవ్వండి.

విశాఖలో తుఫాను నిబంధన లేని పాలసీ అసంపూర్ణం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. "మెసేజ్ పెట్టకుండా రాలేదు" అన్న మాటకి ఆ వారం అర్థమే లేదు. అందుకే ఇలా రాసుకోండి: వాతావరణ శాఖ మన జిల్లాకి రెడ్ అలర్ట్ ఇస్తే ఎవరూ రానక్కర్లేదు, జీతం కట్ కాదు, సెలవు ఖాతాలోంచి పోదు. సైటులో ఉన్నవారు బయల్దేరాలా ఆగాలా అన్నది సైటులో ఉన్న సీనియర్ నిర్ణయం, ఆఫీసు నుంచి ఫోన్ చేసి మార్చకూడదు. నెట్‌వర్క్ తిరిగి వచ్చిన రోజు అందరూ క్షేమమని ఒక్క మెసేజ్ పెట్టాలి. ఇల్లు దెబ్బతిన్నవారికి నెల జీతంలో సగం అడ్వాన్సు, నగదుగానే.

ఆరో మెట్టు: డబ్బు

ఒక టెక్నీషియన్ శనివారం సాయంత్రం అకౌంట్స్ టేబుల్ ముందు నిలబడ్డాడనుకోండి. చేతిలో పెట్రోలు బిల్లు, టోల్ రసీదు, ఇంకో తెల్లకాగితం. లంకెలపాలెం దగ్గర పంచరు పడింది, 150 రూపాయలు. పంచరు వేసినవాడు బిల్లు ఇవ్వడు, ఎవరికీ ఇవ్వడు. బిల్లు లేనిది డబ్బివ్వకూడదన్నది రూలు. అందుకని ఇతనే కాగితం మీద "టైర్ వర్క్స్" అని పైన రాసి, పక్కనున్న టీ కొట్టతనితో సంతకం పెట్టించుకొచ్చాడు. అకౌంట్స్ మేడమ్‌కి ఆ చేతిరాత ఎవరిదో తెలుసు. స్టాంపు లేదని రెండు నిమిషాలు నసిగి పాస్ చేసింది. ఇక్కడ మోసం ఏమీ లేదు, 150 నిజంగానే ఖర్చయింది. కానీ దొంగబిల్లు ఎలా రాయాలో కంపెనీయే దగ్గరుండి నేర్పించింది. రేపు 150 చోట 350 రాయాలనిపిస్తే చెయ్యి తిరిగే ఉంది.

మార్చిన నియమం ఇలా ఉండొచ్చు:

"పనిమీద బయట ఉన్నప్పుడు రోజుకి రూ. 500 దాకా మీ విచక్షణ మీద ఖర్చుపెట్టండి. బిల్లు ఉంటే ఫోటో, లేకపోతే ఒక్క వాక్యం అదేరోజు గ్రూపులో పెట్టండి: ఎంత, దేనికి, ఎక్కడ. 500 దాటితే టీమ్ లీడర్‌కి ఫోన్ చేయండి. ఫోన్ కలవకపోతే, మెషీన్ ఆగే పరిస్థితి ఉంటే, 3,000 దాకా ఖర్చుపెట్టి తర్వాత చెప్పండి."

దీనికి తోడు ప్రతి టీమ్‌కీ ముందే ఒక 3,000 యూపీఐలో వేసి ఉంచండి. సొంత జేబులోంచి పెట్టి వారం తర్వాత తెచ్చుకోమనడం, తక్కువ జీతగాడి దగ్గర కంపెనీ అప్పు చేయడమే. నెలాఖరున ఏ టీమ్ ఎంత ఖర్చుపెట్టిందో అందరికీ కనిపించేలా ఒక పట్టిక పెట్టండి, ఏవైనా ఐదు పద్దులు తీసి వివరం అడగండి. ఓనరు ఖర్చులూ ఆ పట్టికలో ఉండాలి. ఆయన క్లయింటుతో తిన్న భోజనం బిల్లు కనిపించకుండా, డ్రైవరు టీ బిల్లు మాత్రం కనిపిస్తే ఈ పద్ధతి నెల తిరక్కుండా నవ్వులపాలవుతుంది. ఆడిటరుకి మాత్రం బిల్లులేని చిన్న ఖర్చులు ఎలా చూపించాలో ముందే అడిగి ఓచరు నమూనా తీసుకోండి.

జీతం అడ్వాన్సు గురించి కూడా రాయండి. ఆరు నెలలకి ఒకసారి, నెల జీతంలో సగం వరకు, కారణం అడక్కుండా, మూడు వాయిదాల్లో కోత. ఈ దారి లేనప్పుడు కుర్రాళ్ళు లోన్ యాప్‌ల దగ్గరికి వెళ్తున్నారు. ఆ తర్వాత వచ్చే ఫోన్లు ఆఫీసు నంబర్లకే వస్తాయి.

ఏడో మెట్టు: కెమెరాలు, లొకేషన్

స్టోరు గుమ్మానికి సీసీ కెమెరా న్యాయమే. అకౌంట్స్ మేడమ్ వెనక నుంచి స్క్రీను కనిపించేలా పెట్టి, ఓనరు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడటం వేరే వ్యవహారం. వ్యాన్‌కి జీపీఎస్ పెట్టండి, మనిషి ఫోన్‌లో రోజంతా లైవ్ లొకేషన్ అడగకండి. ఏ కెమెరా ఎక్కడ ఉంది, రికార్డింగ్ ఎవరు చూడొచ్చు, ఎన్ని రోజులు ఉంటుంది అన్నవి పాలసీలో నాలుగు వాక్యాల్లో రాస్తే సగం గుసగుసలు ఆగిపోతాయి. వేలిముద్రలు, ఆధార్ కాపీలు తీసుకుంటుంటే డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023ని కూడా గుర్తుపెట్టుకోవాలి. మనిషి మానేశాక, చట్టరీత్యా ఉంచాల్సిన రికార్డులు తప్ప మిగిలినవి చెరిపేస్తామని రాయండి, చెరిపేయండి కూడా.

ఎనిమిదో మెట్టు: నమ్మకం తప్పినప్పుడు

ఈ పేజీ రాయకపోతే ముందు రాసినవన్నీ మొదటి మోసంతో కూలిపోతాయి. ఒకడు 500 నిబంధనని వాడుకుని వారం వారం లేని పంచర్లు రాశాడనుకోండి. సహజంగా వచ్చే ఆలోచన, అందరికీ మళ్ళీ బిల్లు తప్పనిసరి చేయడం. అది చేయకూడదని ముందే రాసుకోవాలి: "ఒకరి తప్పుకి నియమం మార్చం. ఆ ఒక్కరి వెసులుబాటు తగ్గిస్తాం."

తెలియక జరిగినదానికి మాటతో సరి. చెప్పాక మళ్ళీ జరిగితే రాతపూర్వకంగా, ఆ వెసులుబాటు మూడు నెలలు ఆపాలి. దొంగతనం, వేధింపు, తాగి బండి నడపడం, భద్రతా లాక్ తీసేసి మెషీన్ మీద పనిచేయడం లాంటివాటికి ఈ మెట్లు లేవు, నేరుగా విచారణే. ఏ దశలోనైనా ఆరోపణ ఏమిటో మనిషికి కాగితం మీద ఇవ్వాలి, అతని మాట ఇద్దరు కూర్చుని వినాలి, వారం రోజుల్లో నిర్ణయం చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో మందలించడం నిషేధం. ఇది ఓనరుకి కూడా వర్తిస్తుంది.

మన చిన్న కంపెనీల్లో పాలసీలకి అసలు గండం ఇంకోటి ఉంది: ఓనరుగారి బావమరిది. ఆయన ఎప్పుడొస్తారో ఎప్పుడెళ్తారో ఎవరికీ తెలియదు, పద్దులు ఎవరూ అడగరు. "కుటుంబ సభ్యులకూ ఇవే నియమాలు. వారి ఖర్చులు, సెలవులు చూసేది కుటుంబంలో లేని వ్యక్తి" అన్న ఒక్క వాక్యం రాయండి. రాయడానికి చెయ్యి రాకపోతే ఈ మార్గదర్శితో పని లేదు, పాత పద్ధతిలోనే కానివ్వండి. ఓనరు మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలో కూడా పేరుతో రాయాలి. మీ ఆడిటరో, స్టాఫ్ గౌరవించే బయటి పెద్దమనిషో అయితే బాగుంటుంది.

తొమ్మిదో మెట్టు: రాయడం, మొదలుపెట్టడం, దిద్దుకోవడం

తెలుగులో రాయండి. ఇంగ్లీషు ప్రతి లాయరు కోసం ఉండొచ్చు, కానీ డ్రైవరు చదివి అర్థం చేసుకునే ప్రతి తెలుగుదే. మొత్తం ఐదారు పేజీలు దాటకూడదు. ముసాయిదా అయ్యాక ఒక డ్రైవరుకిచ్చి చదవమని, "రేపు నీ కొడుక్కి జ్వరం వస్తే దీని ప్రకారం ఏం చేస్తావు?" అని అడగండి. జవాబు తడబడితే తప్పు వాక్యానిదే.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. "కంపెనీ మాట" పేజీని ముందు రెండు నెలలు మీరొక్కరే అమలు చేసి చూపించండి. తర్వాత ఖర్చుల నియమం, ఎందుకంటే దాని ఫలితం అంకెల్లో వెంటనే కనిపిస్తుంది. సెలవులు ఆ తర్వాత, సంక్రాంతికి కనీసం మూడు నెలల ముందు.

ఇవన్నీ బెడిసికొట్టేది ఎక్కువగా టీమ్ లీడర్ల దగ్గర. పదేళ్ళుగా "ఏం, ఏమైంది?" అని అడిగి అలవాటైన మనిషి కాగితం మారగానే మారడు. పైగా పర్మిషన్ ఇచ్చే అధికారం పోయిందంటే పెద్దరికం పోయినట్టు అనిపిస్తుంది. వాళ్ళతో విడిగా కూర్చుని, ఇకమీదట వాళ్ళు నిర్ణయించేవేమిటో చెప్పండి: సైటు కేటాయింపు, 3,000 దాకా ఖర్చు, తుఫానులో కదలాలా ఆగాలా. పాత అధికారం బదులు చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి.

మూడు నెలలకోసారి గంటసేపు సమీక్ష. ఎన్నిసార్లు చివరి నిమిషంలో మనిషి లేక పని ఆగింది, నెలవారీ చిన్న ఖర్చులు ముందుకీ ఇప్పటికీ ఎంత తేడా, ఎవరు ఏడాదిలో సెలవే వాడుకోలేదు, జీతం తేదీ ఎన్నిసార్లు తప్పింది, ఇవి చూడండి. మార్చిన ప్రతి నియమం పక్కన తేదీ, కారణం రాయండి. ఇరవయ్యో మనిషి చేరిన రోజున పీఎఫ్ వస్తుంది కాబట్టి చట్టం పేజీ అప్పటికే తిరగరాసి ఉండాలి. పాతికమంది దాటితే మూడో టీమ్, నాలుగో టీమ్ వస్తాయి. సంక్రాంతి జాబితా అందరూ కలిసి ఒక బోర్డు మీద తేల్చుకోవడం అప్పుడు కుదరదు, టీమ్ టీమ్‌కీ విడిగా పెట్టుకోవాలి.